కరువుసీమలో బడుల లెక్క

ఏటా కాలేజీ తెరిచాక, ఊరంతా మబ్బుల కోసం తలెత్తి చూసే రోజుల్లో, మొదటి సంవత్సరం పిల్లలకు నేనొక ఉత్తరం చదివి వినిపిస్తాను. అనంతపురంలో ఇంగ్లీషు పాఠం చెప్పే నాకు పాఠ్యపుస్తకం కంటే ఆ ఉత్తరం మీదే మక్కువ. దాన్ని రాసి రెండువందల ఏళ్ళు దాటింది. రాసినవాడు బళ్ళారి కలెక్టరు. ఈ ఎర్రనేలలో, రాళ్ళగుట్టల మధ్య, అప్పటి పిల్లలు ఓనమాలు ఎలా దిద్దారో అంత దగ్గరగా చూపించిన కాగితం నాకు ఇంకొకటి కనపడలేదు.

ఆ ఉత్తరంలో ఒక మాట నన్ను చాలాకాలం సతాయించింది. పిల్లలు దేనితో రాసేవారో చెబుతూ కలెక్టరు ఒక వస్తువు పేరు రాశాడు. అచ్చు ప్రతిలో అది ‘బుట్టప’ అని ఉంది. తెలుగు నిఘంటువులు తిరగేశాను. ఊళ్ళో పెద్దలను అడిగాను. బుట్ట తెలుసుగాని బుట్టప ఎవరికీ తెలియదు. ఆ సంగతికి తరవాత వస్తాను. అసలు ఆ ఉత్తరం ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి.

1800లో నిజాం నవాబు ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చిందే. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురాన్నే తన కేంద్రంగా చేసుకున్నాడు. గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు, గుడారాల్లో పడుకున్నాడు, చేనుచేనూ కొలిపించాడు. ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే జనం అతన్ని ఎంత గుర్తుంచుకున్నారో తెలుస్తుంది. ఏడేళ్ళపాటు భూమిని లెక్కపెట్టిన ఆ మనిషి 1820లో మద్రాసు గవర్నరై తిరిగివచ్చాడు. అప్పుడతనికి ఒక వెలితి కనిపించింది. ఏ ఊళ్ళో ఎన్ని ఎకరాలు సాగవుతాయో, ఎంత శిస్తు వస్తుందో దఫ్తరాల్లో ఉంది. ఆ ఊళ్ళో ఎందరికి చదువొచ్చో మాత్రం ఏ దఫ్తరంలోనూ లేదు. ఈ దేశస్థులకు చదువే లేదని కొందరు దొరలు అనేవారు, బాగానే ఉందని కొందరు అనేవారు. ఎవరి దగ్గరా అంకె లేదు.

1822 జూన్ 25న మన్రో ఒక మినిట్ (సర్కారీ అభిప్రాయపత్రం) రాశాడు. ప్రతి జిల్లా కలెక్టరూ తన జిల్లాలో బడులెన్ని, చదివేవాళ్ళెందరు, వాళ్ళలో ఏ కులాలవాళ్ళెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, ఏ పుస్తకాలు చదువుతారు, ఎంతకాలం బడికి వెళతారు అన్నది రాసి పంపాలని కోరాడు. గళ్ళు గీసిన పట్టికా జత చేశాడు. వినడానికి చిన్న పనే. నిజానికి కొండంత పని. ఆ రోజుల్లో బడి అంటే కట్టడం కాదు. ఒక అయ్యవారి వసారా, గుడి మండపం, చింతచెట్టు నీడ, ఏదైనా బడే. బడికి బోర్డు లేదు, రిజిస్టరు లేదు. అయ్యవారు ఊరు మారితే బడీ మారిపోతుంది. ఇవన్నీ కరణాలు, అమీనులు ఊరూరా అడిగి రాయాలి. జవాబులు నెలల్లో వస్తాయనుకుంటే ఏళ్ళు పట్టాయి. కెనరా కలెక్టరు అయితే అంకెలే పంపలేదు. అన్ని జిల్లాల కాగితాలూ మద్రాసులో ఒకచోట చేరేసరికి దాదాపు మూడేళ్ళు గడిచాయి.

వాటిలో 1823 ఆగస్టులో బళ్ళారి నుంచి వచ్చిన జవాబు తీరే వేరు. అప్పటి బళ్ళారి జిల్లాలోనే మన అనంతపురం, గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ అన్నీ ఉండేవి. అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది 1882లో. కనుక బళ్ళారి లెక్క అంటే మన లెక్కే. ఆ జవాబు రాసినవాడు అలెగ్జాండర్ డంకన్ క్యాంబెల్. పేరుకు కలెక్టరే గాని మనసు వ్యాకరణం మీద. 1816లోనే తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాసి అచ్చువేశాడు. ఆ పుస్తకం ముందుమాటలోనే ఎల్లిస్ అనే మరో అధికారి తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, అవన్నీ ఒక వేరు కుటుంబమని మొదటిసారి నిరూపించాడు. 1821లో క్యాంబెల్ తెలుగు నిఘంటువు కూడా వచ్చింది. తక్కిన కలెక్టర్లలో చాలామందికి ఈ బడుల లెక్క మరో సర్కారీ చాకిరీ. క్యాంబెల్‌కు అది ఇష్టమైన విషయం. పట్టిక నింపి ఊరుకోలేదు. బడి లోపలికి వెళ్ళి కూర్చున్నట్టు రాశాడు.

పిల్లవాడికి అయిదో ఏడు వచ్చాక అయ్యవారు ఇంటికి వస్తారు. వినాయకుడికి పూజ. తరవాత పిల్లవాడి వేలు పట్టుకుని పళ్ళెంలో పోసిన బియ్యంలో దేవుడి పేరు రాయిస్తారు. మర్నాటి నుంచి బడి. మొదట ఇసుకలో వేలితో దిద్దడం. పొద్దున ఆరింటికే బడి మొదలు. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది మర్యాద. రెండోవాడి చేతిలో సున్న, మెచ్చుకోలూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఎంత ఆలస్యమైతే అన్ని. మన పెద్దవాళ్ళు శ్రీ, చుక్క అని చెప్పుకునే ముచ్చట ఇదే. అల్లరి చేసేవాడిని రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవారనీ, కూర్చోబెట్టి లేపేవారనీ కూడా కలెక్టరు రాశాడు. కోదండం, గుంజిళ్ళు అన్న మాటలు అతనికి ఎవరూ చెప్పలేదేమో, ఆ పనులు మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

అతన్ని బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు చెబుతారు, అయ్యవారు అందరినీ పైనుంచి చూసుకుంటారు. ఒక్క మనిషి అన్ని మెట్ల పిల్లలనూ నడిపించగలిగాడంటే ఆ కిటుకు వల్లనే. అంతకు ముప్పై ఏళ్ళ ముందే మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ వీథిబడుల తీరు చూసి, ఇసుకలో రాయించడం, పిల్లలచేత పిల్లలకు చెప్పించడం తన బడిలో పెట్టాడు. తరవాత దాన్ని ఇంగ్లండు తీసుకుపోయాడు. అక్కడ పేదపిల్లల బడుల్లో అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో వ్యాపించింది. ఇంగ్లండు దీన్ని మననుంచి నేర్చుకోవడం న్యాయమేనని క్యాంబెల్ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు.

ఇక రాతపరికరాలు. తాటాకు మీద గంటంతో, కాగితం మీద కలంతో రాస్తారు గాని, ఈ ప్రాంతంలో ఎక్కువగా వాడేవి రెండు అన్నాడు. ఒకటి ‘హుల్లిగి’. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. చిత్రిక పట్టి, దానిమీద అన్నమూ మెత్తగా నూరిన బొగ్గూ కలిపి పూస్తే రాయడానికి సిద్ధం. రెండోది ‘కడత’. గంజిపెట్టి బిరుసెక్కించిన గుడ్డను పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు, జిగుర్లు కలిపిన పూత పూస్తారు. రెండింటి మీదా రాసింది తడిగుడ్డతో తుడిచేయవచ్చు. వాటిమీద రాసేదే ఆ బుట్టప. తెల్లటి మట్టిలాంటి పదార్థం, సీమసుద్ద కంటే కాస్త గట్టిది. ఈ వాక్యాల దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. అన్నం, బొగ్గు, పాతగుడ్డ, మట్టి. ఏ ఇంట్లోనైనా ఉండేవి. కరువుసీమ తనకున్నదానితోనే చదువుకు కావలసిన సరంజామా చేసుకుంది.

క్యాంబెల్ పొగిడి వదిలేయలేదు. పిల్లలు రామాయణ భారత భాగవతాలు, బసవపురాణం, పంచతంత్రం, అమరం, ఆంధ్రనామసంగ్రహం వల్లెవేస్తారు గాని, ఆ పద్యాల భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు. అర్థం పిల్లలకే కాదు, చాలాచోట్ల అయ్యవారికీ తెలియదు. అచ్చు పుస్తకాలు లేవు, చేతిరాత ప్రతుల నిండా తప్పులు. చిలకపలుకులు అని మనమనే మాటే అతనూ అన్నాడు. పిల్లలకు అర్థమయ్యే పుస్తకాలు అచ్చువేసి ఇవ్వాలన్న అతని కోరికలో వ్యాకరణవేత్త గొంతు వినిపిస్తుంది.

ఆ తరవాత అతను రాసిన పేరాలు కంపెనీ కలెక్టరు రాయవలసినవి కావు. బడులు తగ్గిపోతున్నాయన్నాడు. మునుపు పెద్ద బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు బడే లేదు, ఉన్నచోట కలిగినవాళ్ళ పిల్లలు నలుగురే చదువుతున్నారు. కారణం జనం చితికిపోవడం. ఇంగ్లండు బట్ట వచ్చి మగ్గాలను దెబ్బతీసింది. సైన్యాలు సరిహద్దులకు తరలిపోయి ధాన్యం గిరాకీ తగ్గింది. ఇక్కడి సొమ్ము ఇక్కడే ఖర్చుపెట్టే దేశీ దొరల స్థానంలో, నాలుగేళ్ళుండి మూటకట్టుకుపోయే పరాయివాళ్ళు వచ్చారు. ఈ జిల్లాలో ఉన్న 533 బడుల్లో ఒక్కదానికైనా సర్కారు ఆదరువు లేదని చెప్పడానికి తాను సిగ్గుపడుతున్నట్టు రాశాడు. తన పైవాళ్ళకు ఆ మాట రాసిన ధైర్యానికి నేను తలవంచుతాను.

533 బడులు. వాటిలో కన్నడం నేర్పేవి 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృత విద్యలవి 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకే ఒక్కటి. చదివేవాళ్ళు 6,641 మంది. జిల్లా జనాభా 9,27,857. హిందూ మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవాళ్ళు 1,174. ముస్లిం పిల్లలు 243. అంటే వీథిబడి బాపనపిల్లలదే అన్న మాట ఈ సీమలో నిలవదు. ఆడపిల్లలు ఎందరో తెలుసా? మొత్తం జిల్లాలో 60 మంది. ఆ అంకె చదివేటప్పుడు క్లాసులో ముందు బెంచీల్లో ఉన్న ఆడపిల్లల ముఖాల్లోకి చూడకుండా ఉండలేను.

1826 మార్చి 10న మన్రో అన్ని జిల్లాల లెక్కలూ కూడి ఇంకో మినిట్ రాశాడు. మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, జనాభా 1,28,50,941. పైకి చూస్తే అరవై ఎనిమిది మందికి ఒకరే. మన్రో అక్కడితో ఆగలేదు. చదువుకునే అయిదు నుంచి పదేళ్ళ ఈడు మగపిల్లలు ఎందరుంటారో అంచనా కట్టి, వాళ్ళలో నాలుగోవంతుకు పైగా బడికి వెళుతున్నారని తేల్చాడు. ఇళ్ళలో చదువుకునేవాళ్ళను కలిపితే మూడోవంతుకు దగ్గర పడుతుందన్నాడు. మన స్థితి ఇంగ్లండుతో పోలిస్తే తక్కువే గాని, కొద్దికాలం కిందటి చాలా యూరపు దేశాల కంటే మెరుగేనని కూడా రాశాడు. జిల్లాకు, తాలూకాకు బడులు పెట్టాలని పథకం వేశాడు.

ఆ పథకం సాగడం అతను చూడలేదు. 1827 జూలైలో దత్తమండలాన్ని చివరిసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండ దగ్గర కలరా సోకి ఒక్కరోజులో చనిపోయాడు. గుత్తికోట కింద పాతిపెట్టారు. కొన్నేళ్ళకు అవశేషాలను మద్రాసుకు తరలించారు. అతని తాలూకా బడులను 1836లో ఎత్తేశారు. ఏళ్ళ తరబడి కష్టపడి పోగుచేసిన కాగితాలు రెవెన్యూ బోర్డు కట్టల్లో అడుగున పడ్డాయి. క్యాంబెల్ ఉత్తరమూ మన్రో మినిట్లూ మాత్రం పార్లమెంటు కాగితాల్లో అచ్చయి, దొరలు అప్పుడప్పుడూ చెప్పుకునేవిగా మిగిలాయి. చివరికి, ఇంగ్లీషువాళ్ళు వచ్చేదాకా ఇక్కడ చదువే లేదన్న నమ్మకం బడిపుస్తకాల్లోకి ఎక్కింది.

వందేళ్ళ తరవాత ఆ కట్టల ముడి మళ్ళీ కదిలింది. 1931 అక్టోబరు 20న, రౌండ్ టేబుల్ సమావేశానికి లండను వెళ్ళిన గాంధీజీ చాతమ్ హౌస్‌లో మాట్లాడారు. యాభై, వందేళ్ళ కిందటి కంటే ఇప్పుడు భారతదేశంలో నిరక్షరాస్యులు ఎక్కువన్నారు. చదువనే అందమైన చెట్టు వేళ్ళు చూద్దామని మట్టి తవ్వి, అలాగే వదిలేశారని, చెట్టు ఎండిపోయిందని అన్నారు. సభలో ఢాకా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్ ఫిలిప్ హార్టాగ్ ఉన్నాడు. లేచి, ఆధారం ఏదని అడిగాడు. ఉత్తరాలు నడిచాయి. గాంధీజీ తిరిగొచ్చీ రాగానే జైలుకెళ్ళారు. ఎరవాడ నుంచి ఏ లెక్కలు తీయగలరు? ఆయన తరఫున ఆర్థికవేత్త కె.టి. షా జవాబిచ్చినా హార్టాగ్‌కు అది చాలలేదు. 1939లో తన ఉపన్యాసాలను పుస్తకంగా వేసి వాదన గెలిచానన్నట్టే ముగించాడు.

ఆ వాదనలో బళ్ళారికి ఒక పాత్ర దక్కింది. మన్రో లెక్కలు హెచ్చుగా ఉన్నాయని హార్టాగ్ అనుమానం. బళ్ళారి కలెక్టరు శ్రద్ధగలవాడు, అతని జిల్లాలో చదివేవాళ్ళు తక్కువగా తేలారు; తక్కిన కలెక్టర్లు అంత శ్రద్ధ లేక అంకెలు పెంచి రాసి ఉంటారు అన్నది అతని తర్కం. మన కరువుసీమ తక్కువ అంకెను తక్కిన జిల్లాల మీద సాక్ష్యంగా నిలబెట్టాడన్నమాట. తక్కిన కలెక్టర్ల నివేదికలను అతను చూడనేలేదు.

వాటిని చూసినవారు ధరంపాల్. 1922లో ఉత్తరప్రదేశ్‌లో పుట్టిన గాంధేయవాది, ఏ విశ్వవిద్యాలయానికీ చెందని మనిషి. 1960లలో మద్రాసు ప్రాచీన పత్రాగారంలోనూ, లండనులోనూ ఏళ్ళ తరబడి కూర్చుని కంపెనీ కాగితాలు చదివారు. నకళ్ళకు డబ్బులేక చేతితోనే రాసుకునేవారు. వెతికేది ఒకటైతే దొరికేది ఇంకొకటి, పత్రాగారాల సంగతి అంతే. అలా వెతుకుతుంటే మన్రో అడిగిన ప్రశ్నకు జిల్లా జిల్లా నుంచి వచ్చిన జవాబులు, పట్టికలతో సహా, ఆ కట్టల్లో భద్రంగా కనపడ్డాయి. 1983లో వాటిని ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అన్న పేరుతో అచ్చువేశారు. గాంధీజీని హార్టాగ్ అడిగిన ఆధారం యాభై రెండేళ్ళకు బయటపడింది. అప్పటికి ఇద్దరూ లేరు.

ఆ పుస్తకం చేతికొచ్చిన రోజు మన్రో పద్ధతినే బళ్ళారికి వర్తింపజేసి నేనొక లెక్క వేశాను. చదివే ఈడు మగపిల్లల్లో సుమారుగా ఎనిమిదోవంతు బడికి వెళ్ళినట్టు తేలింది. రాజధాని సగటులో సగం. దాన్ని చూసి గర్వపడాలో బాధపడాలో ఆ రోజు తేలలేదు. ఇప్పుడు నాకు అనిపించేది ఇది: అంకె తక్కువ కావడానికి క్యాంబెల్ శ్రద్ధ ఒక్కటే కారణం కాదు. అతనే రాశాడు కదా, మగ్గం ఆగిన ఇంట్లో బడి ఆగుతుందని. వానలేని ఏడు మా కాలేజీలో హాజరుపట్టీ ఎలా పలచబడుతుందో, బెంగుళూరు పనులకు ఎవరెవరు వెళ్ళిపోతారో చూసే నాకు ఆ వాక్యానికి వేరే రుజువు అక్కర్లేదు.

ఇక బుట్టప. ఒక ఏడు ఉత్తరం చదువుతూ ఆ మాట బోర్డు మీద ఇంగ్లీషులో రాశాను. మడకశిర వైపు నుంచి వచ్చే అమ్మాయి, ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల, చాలాసేపు బోర్డునే చూసింది.

“సార్, ఆ రెండు టీలకూ అడ్డగీతలు తీసేస్తే?” అంది.

తీసేశాను. రెండు టీలు రెండు ఎల్‌లు అయ్యాయి. బుల్లప.

“మా అవ్వ బళప అంటుంది సార్. పలక మీద రాసేది.”

బలపం! తెలుగులో మనం రోజూ అనే మాట. కన్నడ ఉచ్చారణలో విని ఎవరో దొర లిపిలో రెండు ఎల్‌లతో రాశారు. నకలు తీసిన గుమస్తాయో, అచ్చు కూర్చినవాడో వాటికి అడ్డగీతలు చూశాడు. నేను అన్నేళ్ళూ నిఘంటువుల్లో వెతికింది ఒక గీత పొరపాటును. క్లాసు చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో హుల్లిగి ముడి కూడా విడిపోయింది. కన్నడంలో హలగె అంటే చెక్క. మన పాలు వాళ్ళకు హాలు, మన పులి వాళ్ళకు హులి. అలాగే మన పలక వాళ్ళకు హలగె. క్యాంబెల్ వ్యాకరణానికి ముందుమాటలో ఎల్లిస్ చెప్పిన కుటుంబం ఆ పూట మా బోర్డు మీద నిలబడింది. కడత సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. కర్ణాటక ఆఫీసుల్లో ఇవాళ్టికీ ఫైలును కడత అనే అంటారట. మన పాత పుస్తకాల్లోని కడితం అదే.

మర్నాడు ఆ అమ్మాయి కాగితంలో చుట్టి ఒక చిన్న ముక్క తెచ్చింది. వాళ్ళవ్వ ట్రంకుపెట్టెలో దాచుకున్నదట. చిటికెనవేలంత పొడవు, ఒక కొస అరిగి ఏటవాలుగా ఉంది. తెల్లగా, మట్టిలా, సుద్ద కంటే కాస్త గట్టిగా. క్లాసులో చేతులు మారి మారి చివరికి నా బల్ల మీదికి వచ్చింది. నా ప్రతిలో బుట్టప అన్న చోట గీత కొట్టి, పక్కనే అంచులో ఆ అమ్మాయి చేతనే తెలుగులో రాయించాను: బళప.